నిగ్రహమా, గాడిదగుడ్డా!

మొన్న సంక్రాంతికి మా కాకుమాను వెళితే, పదో తరగతి పిల్లల్ని రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు మంచి ముక్కలు చెప్పమన్నారు. సాఫ్ట్‌వేర్ వాడు ఊరొస్తే ఈ శిక్ష తప్పదు కదా. (శిక్ష పిల్లలకి లెండి.)

మనవాళ్ళందరూ చెప్పే కథే నేనూ చెప్పాను. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే ఆయన నర్సరీ పిల్లల ముందు ఓ తీపి ముక్క పెట్టి, నేనొచ్చేదాకా తినకపోతే రెండోది ఇస్తానని చెప్పి బయటికెళ్ళాడు. ఎక్కువసేపు ఆగినవాళ్ళు పెద్దయ్యాక చదువుల్లో ముందున్నారని 1990లో లెక్క తేల్చారు. కాబట్టి బాబులూ, ఫోన్లు పక్కన పడేసి చదవండి, నాలాగా బాగుపడతారు అని ముగించాను.

వెనకనుంచి ఓ కుర్రాడు అడిగాడు: "రెండోది నిజంగా ఇస్తారాండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. హైదరాబాద్ బస్సెక్కాక మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే సరిగ్గా ఆ ప్రశ్నే అమెరికాలో రోచెస్టర్‌లో సెలెస్ట్ కిడ్ అనే ఆవిడ, తోటివాళ్ళతో కలిసి పరీక్షగా పెట్టింది. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. 28 మంది పిల్లలు. మంచి రంగులు, స్టిక్కర్లు తెచ్చిస్తామని చెప్పి సగం మందికి తెచ్చారు, సగం మందికి తేలేదు. ఆ తర్వాత తీపి ముక్క పెట్టారు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలు. మూడు నిమిషాల్లో తినేసిన పిల్లాడికి నిగ్రహం లేదందామా, బుర్ర ఉందందామా? 2018లో 900 మందికి పైగా పిల్లలతో పాత లెక్క మళ్ళీ చూస్తే, సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే కనిపించింది. ఇంటి పరిస్థితులవీ లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండొంతులు ఎగిరిపోయింది.

అమెరికా దాకా ఎందుకు, మా ఊరి కళ్ళంలో చూడండి. కొమ్మమూరు కాలువ కింద ఒకే వరి, ఒకే కోత. సొంత పొలం, గోడౌనూ ఉన్నాయన బస్తాలు దాచి, ధర వచ్చినప్పుడు అమ్ముతాడు. కౌలు రైతు కళ్ళంలోనే అమ్మేస్తాడు. కౌలు కట్టాలి, పురుగుమందుల కొట్లో బాకీ తీర్చాలి. ఇద్దరిలో నిగ్రహం ఎవరికుందని అడుగుతామా? అడిగితే ఊళ్ళో నవ్వుతారు. పిల్లల దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే అడుగుతాం.

నా పక్క బెంచీ వాడొకడుండేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. ఇంటర్ మధ్యలో మానేశాడు. "సినిమాలు తిరిగి చెడిపోయాడు" అని పదేళ్ళుగా నేనే ఎంతమందికి చెప్పానో. వాడు సినిమాలు చూసిన మాట నిజం. ఆ ఏడు వాళ్ళ నాన్న కౌలు చేను వానకి పడిపోయి, మొలకలొచ్చిన మాట కూడా నిజం. రెండోది చెప్పడం నాకెప్పుడూ గుర్తు రాలేదు. మా నాన్నకి ఒకటో తారీఖు జీతం వచ్చేది, నా ఫీజు టైముకి కట్టేవాడు. నేను ఆగితే రెండోది వస్తుందని నాకు తెలుసు. నా నిగ్రహం అంతా అదే.

"అయితే నిగ్రహం దండగంటావా?" అంటారు. అనను. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని 32 ఏళ్ళు వచ్చేదాకా చూశారు. ఇంటి స్థితి, తెలివి లెక్క తీసేసినా, చిన్నప్పుడు నిగ్రహం ఉన్నవాళ్ళకి ఆరోగ్యం, డబ్బు మెరుగ్గా ఉన్నాయని 2011లో తేల్చారు. దానిముందు నేను వాదించను. కానీ మన దగ్గర నిగ్రహం పేరుతో పిల్లలకి ఇచ్చేది ఏమిటి? రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున్నే ఐదింటికి లేపేది వార్డెను, ఫోను లాక్కునేది వార్డెను, పుస్తకం ముందు కూర్చోబెట్టేది వార్డెను. నిగ్రహం వార్డెనుది, మార్కులు మనవి!

ఆ హాస్టల్లో మా అందరికంటే బుద్ధిమంతుడు 2023లో బెంగళూరులో రమ్మీ యాప్‌లో రెండేళ్ళ పొదుపు ఊడ్చిపెట్టుకుని, పైన పర్సనల్ లోను తీసుకున్నాడు. 2025లో కేంద్రం చట్టం చేసి డబ్బుతో ఆడే ఆటల్ని నిషేధించింది, అంటే మళ్ళీ వార్డెనే వచ్చాడన్నమాట. నేనేం తక్కువ తిన్నాను, అర్ధరాత్రి ఆఫర్లు చూసి కొన్న ఫోనుకి ఇంకా ఈఎంఐ కడుతున్నాను. అది కూడా ఆ పిల్లలకి చెప్పలేదు.

నా పక్క బెంచీ వాడు ఇప్పుడు కోత మిషను నడుపుతున్నాడు. మొన్న కనపడితే టీ తాగించాడు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. కూతుర్ని పొన్నూరులో స్కూల్లో చేర్చాట్ట, టెర్ము ఫీజు ముందే కట్టేశాట్ట.

ఆ వెనక కూర్చున్న కుర్రాడికి జవాబు మాత్రం నేనింకా బాకీ. వాళ్ళదీ కౌలేనట.