రాత్రి వాయించి, పగలు మోగించి

ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ రికార్డ్ చేసేవాళ్ల కోసం ఈ సంచిక. ఆ వేళ ఆంప్ మోగించలేం. అందుకే డీఐ బాక్సు ద్వారా తీగల సిగ్నల్ ఒక్కటే ఎక్కించుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం ఆ ట్రాక్‌నే ఆంప్‌లోకి పంపి, స్పీకరు ముందు మైకు పెట్టి మళ్లీ పట్టుకుంటాం. ఇదే రీఆంపింగ్. మధ్యలో రీఆంప్ బాక్సు ఉండాల్సిందేనని నా నమ్మకం: ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే లైన్ లెవెల్‌ను గిటార్ స్థాయికి దించి, ఇంపీడెన్స్‌ను ఆంప్‌కి సరిపడేలా మార్చేది అదే. అమెరికన్ రికార్డింగ్ ఇంజనీరు జాన్ క్యూనిబర్టి 1990ల్లో దాన్ని తయారుచేసి అమ్మకానికి తెచ్చాడు.

మైకును స్పీకరు నడిమి నుంచి అంచువైపు ఒక్క అంగుళం జరిపి వినండి. కరకుదనం తగ్గి నాదం మెత్తబడుతుంది. వేళ్లు నొప్పెట్టకుండా ఎన్నిసార్లయినా జరపొచ్చు. తాళం తప్పిన చోటు మాత్రం ఏ ఆంప్‌లోంచి వచ్చినా తప్పే. అందుకే మొదటి వ్యాసం డీఐ ట్రాక్ మీదే వేశాం.