ఖబర్లతో సహా రిజిస్ట్రేషన్



పోయిన షబే బరాత్‌కి దాదీమా ఖబర్ దగ్గర ఫాతిహా చదువుదామని మా ఊరు పోయాను. ఊరి బయట మామిడి తోట, ఆ తోట మూలన పది గుంటల్లో మా ఖాందాన్ ఖబ్రస్తాన్. పర్‌దాదా మొదలుకొని మూడేళ్ల కింద ఇంతెఖాల్ అయిన మా ఫుప్పీ దాకా అందరినీ అక్కడే దఫన్ చేశాం. ఈసారి తోట లేదు. ప్లాట్ల రాళ్లు, చుట్టూ ప్రహరీ, ఒక గేటు. "ఎవరు కావాలి సార్?" అన్నాడు వాచ్‌మన్. మా దాదీమా దగ్గరికి పోవడానికి అతని ఇజాజత్ అడిగాను. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వెతికితే వేపచెట్టు కింద నాలుగు ఖబర్లు మిగిలాయి. దాదీమా మీద నుంచి ముప్పై అడుగుల రోడ్డు పోయింది. ఫుప్పీ ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను.

అమ్మింది గైర్ కాదు, మా చిచ్చా కొడుకులు. పట్టా వాళ్ల పేరున ఉంది. ఎలా వచ్చిందంటారా? మేం శహర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లయింది. ఈ ఇరవై ఏళ్లలో ఆ భూమి పాస్‌బుక్కు ఎవరి పేరున ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. జనాజా ఉంటే పోయాం, మట్టి వేశాం, వచ్చేశాం. అందుకే ఈ మాటలు ముందు నాకు, తర్వాతే మీకు.

ఊరి ఖబ్రస్తాన్ కబ్జా అయితే మనం జులూస్ తీస్తాం, కలెక్టరుకు దరఖాస్తు ఇస్తాం, వక్ఫ్ బోర్డును తిడతాం. తిట్టాల్సిందే. కానీ సొంత భూముల్లోని ఖాందానీ ఖబ్రస్తాన్‌లను కబ్జాదారు అక్కర్లేకుండా మనమే పోగొడుతున్నాం. ఎకరం ధర పెరిగిన రోజున ఖబర్లతో సహా రిజిస్ట్రేషన్ చేస్తున్నాం.

మా భాయిని అడిగితే "మా జాయెదాద్, మా హక్" అన్నాడు. జాయెదాద్ హక్‌ను ఇస్లాం కాదనలేదు. మస్జిదె నబవీ జాగా ఇద్దరు యతీమ్ పిల్లలది. ఊరికే ఇస్తామన్నా హుజూర్ (స.అ.స.) తీసుకోలేదు, వెల ఇచ్చి కొన్నారు. మరి అదే హక్ లెక్కన అడుగుతున్నా: మా ఫుప్పీలకు దాదా తర్కాలో హిస్సా లేదా? కొడుకుకు రెండు వంతులైతే కూతురికి ఒక వంతు అని ఖుర్ఆన్ స్పష్టంగా చెప్పింది. అమ్మకం కాగితం మీద ఒక్క ఆడపిల్ల దస్తఖత్ లేదు. తన హిస్సా ముట్టకుండానే మా ఫుప్పీ ఆ మట్టిలోకి పోయింది, ఇప్పుడు ఆ మట్టీ లేకుండా చేశారు. ఇదా హక్?

ఇంకొందరు దీన్ మాట తెస్తారు. "ఖబర్లకు అంత ఇజ్జత్ ఎందుకు, షిర్క్ కదా" అంటారు. గుంబజ్ కట్టమనీ, చాదర్ కప్పమనీ ఎవరూ అడగడం లేదు. ఖబర్ మీద కూర్చోవద్దన్నదీ హదీసే. మయ్యత్ ఎముక విరవడం బతికున్న మనిషి ఎముక విరిచినట్టే అని హజ్రత్ ఆయెషా (ర.అ.) రివాయత్ ఉంది. శరీరం పూర్తిగా మట్టయిపోతే సొంత భూమిలో సాగు చేసుకోవచ్చని హనఫీ ఫిఖ్హ్ కితాబుల్లో ఉంది, కాదనను. మూడేళ్ల కింద పడుకోబెట్టిన ఫుప్పీ మట్టయిపోయిందని జేసీబీ డ్రైవర్ గవాహీ ఇస్తాడా?

ఇక కానూన్ సంగతి. పాస్‌బుక్కులో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. అందులో ఖబర్లు కనపడవు. సొంత భూమిలోని ఖాందానీ ఖబ్రస్తాన్ దానంతట అదే వక్ఫ్ అయిపోదు. బయటివాళ్లను కూడా ఏళ్ల తరబడి అక్కడ దఫన్ చేయనిస్తే అది పబ్లిక్ ఖబ్రస్తాన్ అవుతుందని, అలా అయ్యాక వాడకం ఆగిపోయినా వక్ఫ్ పోదని 1976లో సాలే లబ్బై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దఫన్‌లు జరిగాయని గవాహ్‌లతో, రికార్డులతో సాబిత్ చేసుకోవాలి.

2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ఆ దారినీ ఇరుకు చేసింది. వాడుక వల్ల వక్ఫ్ అన్న మాటను తీసేసింది. అంతకు ముందే రిజిస్టరై, తగాదా లేనివీ సర్కారు భూమి కానివీ మాత్రమే నిలుస్తాయి. వక్ఫ్‌నామా రాయకుండా కొత్త వక్ఫ్ లేదు. వక్ఫ్ ఆస్తిని ఆక్రమించిన వాడి మీద కేసుకు ఇదివరకు గడువు ఉండేది కాదు, ఇప్పుడు పెట్టారు. ఈ కానూన్ మీద గుస్సా నాకూ ఉంది. కానీ గుస్సాతో ఖబర్ నిలవదు, కాగజ్ కావాలి.

"వక్ఫ్ చేస్తే మన చేతిలోంచి పోతుంది" అని భయపడేవాళ్లున్నారు. ముతవల్లీల సంగతి చూశాక ఆ భయం పుట్టడం సహజమే. కానీ మీ ఖాందాన్‌లోనే ముతవల్లీ ఉండాలని వక్ఫ్‌నామాలో రాసుకోవచ్చు. అబ్బా బతికుండగా, భూమి ఒక్కరి పేరున ఉన్నప్పుడే ఈ పని చేయండి. వసీయత్‌కు వదిలితే మూడో వంతు దాకే చెల్లుతుంది. అబ్బా పోయాక వారిస్‌లందరి దస్తఖత్ కావాలి. ఒకరు దుబాయ్‌లో, ఒకరు అలిగి ఉంటారు. ఖబర్లున్న గుంటలను సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు వేయించండి. దారి మర్చిపోవద్దు. ఖబర్లు మిగిలినా దారి లేకపోతే జనాజా లోపలికి పోదు. మిగతా భూమి అమ్ముకోవాల్సి వస్తే అమ్ముకోండి. కానీ దస్తావేజులో ఆ జాగా, ఆ దారి మినహాయించి రాయించండి. అంత రాస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడంటారా? తగ్గించనీయండి. ఆ తగ్గిన డబ్బు మీ అమ్మీ అబ్బా పేరున సదఖా అనుకోండి.

హైదరాబాద్‌లో మీర్ మోమిన్ దాయరా చూడండి. కుతుబ్‌షాహీ పేష్వా అయిన మనిషి, జాగాను తన ఇంటివాళ్లకే కట్టిపెట్టుకోలేదు. నాలుగు వందల ఏళ్లుగా అక్కడ మయ్యత్‌లకు మట్టి దొరుకుతోంది. మనకు మూడు తరాలకే దొరక్కుండా పోయింది.

ఇప్పుడు నేనూ మా ఆపా కలిసి ఆ వెంచర్ వాళ్లతో మాట్లాడుతున్నాం. మిగిలిన నాలుగు ఖబర్లకు ఒకటిన్నర గుంట, ఒక దారి. గజం లెక్కన ధర చెప్పారు. మా పర్‌దాదా పడుకున్న జాగాను మేం ఇన్‌స్టాల్‌మెంట్లలో కొనబోతున్నాం. రిజిస్ట్రేషన్ అయిన రోజే వక్ఫ్‌నామా రాయిస్తాం, ఇన్షా అల్లాహ్. మీ అబ్బా బతికుంటే మీకు ఈ ఖర్చు లేదు. ఈ జుమా నమాజ్ అయ్యాక ఆయన పక్కన కూర్చుని పాస్‌బుక్కు తీయమనండి.