చెట్టు కొట్టడానికి చదువెందుకు అంటారా?

చెట్టు కొట్టడానికి కూడా సర్టిఫికెట్టా అని అడిగేవాళ్ళలో కలప వ్యాపారులే కాదు, రైతులున్నారు, అధికారులున్నారు, కూలీల మేలు కోరే పెద్దమనుషులూ ఉన్నారు. ఒంట్లో సత్తువ ఉంటే చాలు, మిగతాది పనిలో దానంతటదే వస్తుందన్నది వాళ్ళందరి నమ్మకం. లైసెన్సు పెడితే లంచాలు పెరుగుతాయి తప్ప ప్రాణాలు దక్కవన్నది దానికి తోడైన వాదన. రెండో వాదనలో కొంత నిజముంది. మొదటి నమ్మకం మాత్రం మనుషుల్ని చంపుతోంది.

అసలా పని ఏమిటో చూడండి. రంపం మిషన్ తాడు లాగకముందే చెట్టు చుట్టూ తిరగాలి. ఎటు వాలి ఉంది, కొమ్మల బరువు ఏ పక్క ఎక్కువ, పైన విరిగి వేలాడే ఎండుకొమ్మ ఉందా అని చూడాలి. పడాల్సిన వైపు ముక్కోణపు గాటు పెట్టాలి. వెనక నుంచి కోసుకొస్తూ ఆ గాటును చేరకముందే ఆగాలి. రెండు కోతల మధ్య మిగిలిన చెక్క, తలుపుకు మడతబందులా, చెట్టును పట్టి నెమ్మదిగా దించుతుంది. మాను అడ్డుకొలతలో పదో వంతు మందం దానికి వదలడం మామూలు లెక్క. ఆ చెక్క తెగిందంటే చెట్టు ఎటు పడుతుందో కోసినవాడి చేతిలో ఉండదు. బాగా వాలిన చెట్టును తప్పుగా కోస్తే మాను నిలువునా చీలి, వెనక్కి లేచి మనిషిని కొడుతుంది. రంపం కొన పైఅంచు గట్టి చెక్కకు తగిలితే మిషన్ రెప్పపాటులో మొహం మీదికి ఎగురుతుంది. చెట్టు కదలగానే తప్పుకునే దారిని కోత మొదలుకాకముందే శుభ్రం చేసి పెట్టుకోవాలి. పక్కచెట్టుకు చిక్కి ఆగిన చెట్టు కిందికి ఎవరూ పోకూడదు. ఇందులో కండబలంతో వచ్చేది ఏదీ లేదు.

అనుభవం నేర్పదా అంటారు. ఈ పనిలో అనుభవం చాలాసార్లు అబద్ధం నేర్పుతుంది. మధ్య చెక్కను పూర్తిగా తెగ్గోసినా ఎక్కువ చెట్లు అనుకున్న వైపే పడతాయి. దాంతో తప్పు పద్ధతే చేతికి అలవాటై, అదే ఒప్పనిపిస్తుంది. అది తప్పని బయటపడే రోజున దిద్దుకోవడానికి మనిషి మిగలకపోవచ్చు. ఆయన దగ్గర పని నేర్చిన కుర్రాడి చేతికీ అప్పటికే అదే అలవాటు పడి ఉంటుంది.

యంత్రాలొచ్చాక ప్రమాదం తగ్గలేదా అనేవాళ్ళు అమెరికా లెక్క చూడాలి. 2023లో అక్కడ లక్షమంది పూర్తికాల కార్మికులకు పని ప్రమాద మరణాల సగటు 3.5. చెట్లు కొట్టేవాళ్ళలో అది 98.9. శిక్షణ, ప్రథమ చికిత్స నేర్పడం యజమాని బాధ్యతగా చేసిన అక్కడి కేంద్ర నిబంధన 1995 నుంచీ అమల్లో ఉంది. పక్కపక్కన పనిచేసే ఇద్దరి మధ్య కనీసం రెండు చెట్ల పొడవు దూరం ఉండాలని కూడా అది చెబుతుంది. కానీ యజమాని నేర్పాడో లేదో పరీక్షించి పత్రం ఇచ్చే పద్ధతి దేశమంతటికీ లేదు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 1992 చట్టంతో కోత జరిగే చోట ధ్రువీకరణ పొందిన మనిషి ఉండాలంది. చాలాచోట్ల అదీ లేదు. జుట్టు కత్తిరించడానికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సు అడిగే దేశంలో పరిస్థితి ఇది.

మన దగ్గర చట్టం చూపు చెట్టు దగ్గరే ఆగిపోయింది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. తోటల్లో పెంచే కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి, సరే. కొట్టే మనిషికి ఆ పని వచ్చా అని మాత్రం అది అడగదు. అదే ఏడాది ఫిలిప్పీన్స్ రంపం మిషన్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అదీ అడవిని కాపాడటానికే. చెట్టును లెక్కపెట్టారు, మిషన్‌ను లెక్కపెట్టారు, మనిషిని వదిలేశారు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లానే తీసుకోండి. సింగరేణి గనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేయాలంటే పరీక్ష నెగ్గి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పైకప్పు కూలితే మనుషులు పోతారు కాబట్టి ఆ నియమాన్ని ఎవరూ తప్పుపట్టరు. అదే జిల్లాలో సారపాక కాగితం మిల్లు ఉంది. చుట్టుపక్కల జామాయిల్ తోటల్లో మేస్త్రీ వెంట వచ్చిన ముఠాలో కుర్రాడు రంపం మిషన్ పట్టుకుంటే చట్టం ఏమీ అడగదు. భూమి లోపల కూలేదానికి ఒక న్యాయం, భూమి మీద కూలేదానికి ఇంకో న్యాయం ఎందుకు?

పొలం ఫ్యాక్టరీ కాదుగదా అన్న జవాబు చెల్లదు. నూర్పిడి మిషన్లలో కూలీల చేతులు తెగిపోతుంటే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. పొలంలో పని అని ఊరుకోలేదు.

ఇక లంచాల సంగతి. చదువురాని కూలీని కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిప్పితే అతని పొట్ట కొట్టినట్టే. ఆ భయం న్యాయమైనదే, దానికి విరుగుడూ ఉంది. రాతపరీక్ష వద్దు. తోటలోనే, తెలుగులో, చెట్టు ముందు నిలబెట్టి పరీక్షించాలి. ఇన్నేళ్ళుగా ఈ పనే చేస్తున్నవాళ్ళకు మొదటి అవకాశం ఇవ్వాలి. నేర్చుకునే రోజుల కూలీతో సహా ఖర్చంతా కలప కొనేవాళ్ళు భరించాలి. పత్రం మేస్త్రీ చేతిలో కాదు, కూలీ జేబులో ఉండాలి.

పత్రంతోనే అంతా అయిపోతుందని నేనూ అనను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2005లో అటవీ పనుల్లో 43 మంది చనిపోయారు. పెద్ద కంపెనీలు పనిని చిన్న కాంట్రాక్టర్లకు పంచేశాక బాధ్యత ఎవరిదో తేలకుండా పోయిందన్న విమర్శ అక్కడ గట్టిగా వినిపించింది. న్యూజిలాండ్‌లో 2013లో పదిమంది పోతే, పరిశ్రమే స్వతంత్ర సమీక్ష వేయించుకోవలసి వచ్చింది. మన తోటల్లోనూ కూలి టన్నుల లెక్కన కడుతున్నంతకాలం, చెట్టు చుట్టూ తిరిగి చూసే నిమిషం కూలీకి నష్టమే. అందుకే శిక్షణతోపాటు కూలి కట్టే పద్ధతీ మారాలి.

కాగితం రీము మీద అడవిని కాపాడామని చెప్పే ముద్ర చూసి మనం సంతోషిస్తాం. ఆ కలప కొట్టినవాడికి పని నేర్పారా, తలకు హెల్మెట్, కాళ్ళకు రక్షణ తొడుగు ఇచ్చారా అని కూడా అడగాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ వాల్టా అనుమతి పత్రంలో కొట్టేవాడి పేరు, ధ్రువపత్రం నంబరు రాసే గడి చేర్చాలి. మినహాయింపు ఉన్న తోటల విషయంలో ఆ వివరాలు లేని లోడును మిల్లు గేటు దగ్గరే ఆపాలి. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, తూకం వేసేచోట ఒక రిజిస్టరు చాలు.