వేల కణాలలో ఒకటి

తలసీమియాతో బాధపడే బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి అవసరమని వైద్యులు చెప్పగానే తల్లి అడిగే మొదటి ప్రశ్న ఇది: “పెద్దవాడి మజ్జ చిన్నవాడికిస్తే, పెద్దవాడు నీరసించిపోడు కదా?” దీనికి జవాబు కావాలంటే మనం ఒక చిట్టెలుక ఎముకలోకి తొంగిచూడాలి.

ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు - రక్తంలోని ఈ కణాలన్నిటికీ మూలం మజ్జలోని రక్త మూలకణం. వేలాది కణాల మధ్య ఏ ఒక్కటో ఉండే ఈ కణాన్ని సూక్ష్మదర్శినిలో రూపం చూసి గుర్తించలేము. ఆ పనిని యాంటీబాడీలు సుసాధ్యం చేశాయి. ఒక్కొక్క యాంటీబాడీ కణం పైపొర మీద తనకు సరిపడే గుర్తును మాత్రమే పట్టుకుంటుంది.

చిట్టెలుక కాళ్ల ఎముకలలోని మజ్జను సూదితో ద్రవం పంపి బయటికి తీస్తారు. ఇప్పటికే ఎర్రకణాలుగానో, తెల్లకణాలుగానో ఎదిగిన వాటికి అయస్కాంత పూసలు గల యాంటీబాడీలను అంటించి, అయస్కాంతంతో పక్కకు లాగివేస్తారు. మిగిలిన వాటికి మెరిసే రంగులు గల యాంటీబాడీలను కలుపుతారు. అవి ఒక్కొక్కటిగా లేజర్ కాంతిని దాటుతున్నప్పుడు, కోరిన రంగులు గల కణాన్ని యంత్రం వేరుచేస్తుంది.

అయితే రంగు కనిపించినంత మాత్రాన అది మూలకణమని రుజువు కాదు. 1988లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం, ప్రాణాంతకమైన రేడియేషన్‌తో మజ్జ నశించిన చిట్టెలుకలకు ఇలా ఏరిన కణాలను ఎక్కించింది. సుమారు 30 కణాలతోనే సగం చిట్టెలుకలు బ్రతికాయి. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక్క కణాన్నే ఎక్కించగా, దాదాపు అయిదింట ఒక చిట్టెలుకలో అది రక్త వ్యవస్థను దీర్ఘకాలం నిలబెట్టింది. ఈ జ్ఞానం కోసం ఎన్నో మూగప్రాణులు బలయ్యాయన్న సంగతిని మనం మరువరాదు.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మూలకణం ఇతర కణాలను పుట్టించడమే కాదు, తనవంటి కణాలనూ పుట్టించుకుంటుంది. దాత నుండి తీసేది మజ్జలో కొంత భాగమే. ఆరోగ్యవంతుని శరీరం కొద్ది వారాలలో ఆ లోటును పూడ్చుకుంటుంది. కొన్ని రోజులు నొప్పి, అలసట ఉండవచ్చు. మత్తుమందు ఇవ్వవలసి ఉంటుంది గనుక వైద్యులు దాతను ముందుగా పరీక్షిస్తారు.

తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. అంతటి అరుదైన అవకాశం మన ఇంట్లోనే ఉన్నప్పుడు, దానిని అపోహకు బలి చేయకూడదు. సందేహాన్ని వైద్యుని ముందుంచుదాం. పెద్దవాడికీ విషయమంతా వివరించి, అతని మాటా విందాం.