ఓడిన పార్టీ, గెలిచిన పత్రిక

మన హాస్టల్ రీడింగ్ రూముల్లో దినపత్రికలుంటాయి, పోటీ పరీక్షల మాసపత్రికలుంటాయి. మనకు గిట్టని ఆలోచనలు చెప్పే పత్రిక కనబడడం అరుదు. ‘అవి మనకెందుకు?’ అని మిత్రులు కొందరు అంటుంటారు. అవే ముందు చదవాలని మేమంటాం. ఎందుకో చెప్పడానికి ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు వారపత్రిక కథ ఒక్కటి చాలు.

‘స్వరాజ్య’ 1956లో మద్రాసులో మొదలైంది. స్థాపించిన ఖాసా సుబ్బారావు గారు తెలుగువారే. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్నవారు, అంతకు ముందు ప్రకాశం పంతులు గారి ‘స్వరాజ్య’ దినపత్రికలో పనిచేసినవారు. అయితే ఈ వారపత్రికకు వెన్నెముక చక్రవర్తి రాజగోపాలాచారి. గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా చేసి దిగిపోయిన పెద్దాయన ఎనభయ్యో పడికి దగ్గరపడిన వయసులో వారం వారం ‘డియర్ రీడర్’ శీర్షిక రాశారు. నెహ్రూ గారి ఆర్థిక విధానం మీద ధ్వజమెత్తారు. ప్రభుత్వం చేతిలో పర్మిట్లు, లైసెన్సులు, కోటాలు పోగుపడితే అవినీతి పెరుగుతుందని, ప్రజల స్వేచ్ఛ పోతుందని ఆయన వాదన.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సభ భూపరిమితిని, సహకార వ్యవసాయాన్ని కోరుతూ తీర్మానం చేసింది. దానికి ఎదురుగా అదే ఏడాది స్వతంత్ర పార్టీ పుట్టింది. మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా రైతు నాయకుడు ఎన్.జి.రంగా. ఆ పార్టీ 1962లో లోక్‌సభకు 18 మందిని, 1967లో 44 మందిని గెలిపించుకుంది. 1971లో కుదేలైంది. 1972లో రాజాజీ కన్నుమూశారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. 1980 నాటికి పత్రిక కూడా ఆగిపోయింది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. కాని 1991లో చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది కాంగ్రెస్ ప్రభుత్వమే. ప్రధాని పి.వి.నరసింహారావు. విదేశీ మారకద్రవ్యం అడుగంటడం అప్పటి తక్షణ కారణం. అయినా సంక్షోభం వచ్చిన రోజున పట్టుకోవడానికి ఒక వాదన సిద్ధంగా ఉంది. ఆ వాదనను మూడు దశాబ్దాల ముందే కాగితం మీద పెట్టినవాటిలో ‘స్వరాజ్య’ ఒకటి. 2014లో కొత్త యాజమాన్యం చేతుల్లో ఆ పేరు మళ్లీ బతికింది.

రాజాజీ చెప్పిందంతా తప్పని మేము అనం. లైసెన్సుల రాజ్యంలో లైసెన్సులు దక్కింది ఢిల్లీలో పలుకుబడి ఉన్నవాళ్లకే. మాల మాదిగ పేటల్లో ఎవరికి దక్కింది పర్మిట్? ఆ విమర్శలో నిజముంది, ఒప్పుకుందాం.

మా పేచీ వేరే చోట. ఆ పత్రిక మాట్లాడిన స్వేచ్ఛ ఎవరిది? భూపరిమితి వస్తే భూమి ఉన్నవాడి స్వేచ్ఛ పోతుందన్నారు. సెంటు భూమి లేని పాలేరుకు స్వేచ్ఛ ఎలా వస్తుందన్న ప్రశ్న వెనక్కి పోయింది. ఇదే రాజాజీ 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా పల్లె పిల్లలకు ఒక పూట బడి, రెండో పూట తండ్రి చేసే పని నేర్చుకోవడం అనే పథకం తెచ్చారు. పెరియార్ లాంటివారు దాన్ని కులవిద్య అని ఎదిరించారు. 1954లో కామరాజ్ రద్దు చేశారు. అది నిలబడి పాకి ఉంటే చెప్పులు కుట్టేవాడి కొడుకు రెండో పూట ఎక్కడుండేవాడో, మన ఇళ్లలో తొలి డిగ్రీ ఎప్పుడొచ్చేదో ఆలోచించండి.

ఇక ఉద్యోగాల సంగతి. రిజర్వేషన్ ఉన్నది ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో. సంస్థ అమ్ముడుపోతే ఆ రిజర్వేషనూ దాంతోనే పోతుంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో తన వాటా మొత్తం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు రోడ్డెక్కారు. అది కేవలం వాళ్ల గొడవ అనుకుంటే మనం మోసపోతాం. 1956లో ఒక వారపత్రికలో అచ్చయిన వాదనకూ మన నోటిఫికేషన్లకూ ఉన్న లంకె ఇదే.

అదే 1956లో బాబాసాహెబ్ అంబేద్కర్ తన ‘జనతా’ పత్రిక పేరును ‘ప్రబుద్ధ భారత్’గా మార్చారు. ఆ డిసెంబరులోనే పరినిర్వాణం చెందారు. వ్యవసాయ భూమి, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని ఆయన 1947లోనే రాసి పెట్టారు. 1920లో ‘మూక్‌నాయక్’తో మొదలుపెట్టి చివరి ఏడాది దాకా పత్రిక అవసరాన్ని ఆయన మరవలేదు. రెండు ఆలోచనలూ ఒకే కాలంలో అచ్చులో ఉన్నాయి. ఒకదానికి డబ్బున్నవాళ్ల అండ, ఇంగ్లీషు చదివే పాఠకులు దొరికారు. రెండోదాన్ని ముందుకు తీసుకుపోవాల్సినవాళ్లం మనం. మనం జయంతులు, వర్ధంతులు చేశాం. పత్రికలు ఎన్ని నడిపాం?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా సూచనలు మూడే. హాస్టల్‌కు ఎదుటి పక్షం పత్రిక కనీసం ఒకటి తెప్పించండి. చందా కట్టే బాధ్యత ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు తీసుకోవాలి. వారానికి ఒక సాయంత్రం అందులోని ఒక వ్యాసం చదివి వాదించుకోండి. ఆ వ్యాసానికి జవాబు రాసి గోడపత్రికలో అంటించండి. తిట్టు రాయకండి, లెక్కలతో, చరిత్రతో జవాబు రాయండి.

ఓట్లలో ఓడిపోయినా ఎనభై ఏళ్ల వయసులో ఒక ముసలాయన రాయడం ఆపలేదు. ఆయన రాతలతో మనకు పేచీ ఉంది. ఆ పట్టుదలతో లేదు. ఇరవై ఏళ్ల వయసున్న మనకు కలం పట్టడానికి అడ్డమేమిటి?

జై భీమ్!