ఉచిత ప్యాకెట్టు ఖరీదు

గత షాబాన్ మాసంలో వార్షిక పరీక్షలు ముగిసి, విద్యార్థులు సెలవులకు ఇళ్ళకు వెళ్ళే ముందురోజు ఒక దాత మాకు కొంత సొమ్ము అందజేశారు. పట్నపు పిల్లలు తినే చీజ్ శాండ్‌విచ్ మన మదర్సా పిల్లలు కూడా ఒక పూట తినాలని ఆయన కోరిక. పిల్లలు అరవై మంది. ఒక్కొక్కరికి ఒక స్లైసు చొప్పున లెక్కించుకొని మేమే స్వయంగా సూపర్ మార్కెట్టుకు వెళ్ళాము.

200 గ్రాముల ప్యాకెట్టులో పది స్లైసులు, ధర 150 రూపాయలు. మాకు కావలసినవి ఆరు ప్యాకెట్లు. వాటిపైన ఎర్రని బోర్డు వ్రేలాడుచున్నది: మూడు కొంటే ఒకటి ఉచితం. ఆరింటికి 900 రూపాయలు చెల్లించి, ఎనిమిది ప్యాకెట్లతో, దాత సొమ్మును చక్కగా వినియోగించామన్న తృప్తితో తిరిగి వచ్చాము.

వంటశాలలో బావర్చీ ప్యాకెట్లను లెక్కపెట్టి, "హజ్రత్, రేపటికి పిల్లలు ఉండరు కదా, ఈ రెండు ఎవరికి?" అని అడిగాడు. తరువాత కాసేపు వేళ్ళు ముడుచుకొని, "మూడింటికి కడితే నాలుగు వచ్చేవి. విడిగా ఇంకో రెండు తీసుకుంటే ఆరు. ఐదింటి సొమ్ముతో సరిపోయేది" అన్నాడు. వారసత్వ భాగాల లెక్కలు, ఆరో వంతులు, ఎనిమిదో వంతులు ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్న మాకు ఆ కూడిక తోచలేదు! 750 రూపాయలతో అయ్యే పనికి 900 ఖర్చు చేశాము. అదనంగా తెచ్చిన రెండు ప్యాకెట్ల గడువు మరో తొమ్మిది రోజులే.

మా సొంత సొమ్మయితే నవ్వి ఊరుకునేవారము. అది అమానతు. సహోపాధ్యాయులొకరు, బజారు ధరకే కొన్నారు గనుక మీపై బాధ్యత లేదన్నారు. నిర్లక్ష్యం లేనప్పుడు ఆ మాట నిజమే. ఇక్కడ ఉన్నది మా నిర్లక్ష్యమే కదా. 150 రూపాయలు మదర్సా ఖాతాలో జమచేసి, ఆ రెండు ప్యాకెట్లను ఇంటికి తెచ్చుకున్నాము. "తొమ్మిది రోజుల్లో ఇరవై స్లైసులు మనిద్దరమే ఎలా తింటామండీ?" అన్నది మా శ్రీమతి ప్రశ్న. ఒకటి పొరుగింటి పిల్లలకు వెళ్ళింది.

ఆ మరునాడు మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళి నింపాదిగా చూశాము. అదే అల్మరా అడుగు వరుసలో, ఏ బోర్డూ లేకుండా, కిలో చీజ్ బ్లాకు 540 రూపాయలకు ఉన్నది. అంటే గ్రాముకు 54 పైసలు. మేము మోజుపడిన ఆఫరులో, ఉచిత ప్యాకెట్టును కలుపుకున్నా, గ్రాముకు 56 పైసలకు పైనే. బ్లాకును తురిమితే అరవై మందికి తలా పదహారు గ్రాములకు పైగా వచ్చేది. స్లైసుకు ఇరవై గ్రాములన్నది నిజమే గాని, రొట్టె మధ్యన ఆ తేడాను ఏ పిల్లవాడూ గుర్తించడు. ఆ మిగులు 210 రూపాయలు సౌకర్యానికి చెల్లించిన వెలగా భావించుకున్నాము. మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

సోదరీమణులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ప్యాకెట్ల తూకానికి సంబంధించిన నిబంధనలను 2021 నవంబరులో సవరించి, కిలో లోపు తూకానికి గ్రాము ధరనూ, కిలో మించిన వాటికి కిలో ధరనూ ముద్రించాలన్నారు. చిన్న అక్షరాలలో ఉంటుంది, వెతకాలి. అయితే ఆ అంకె గరిష్ఠ చిల్లర ధరను బట్టి వేసినది. దుకాణదారు ఇచ్చే తగ్గింపు అందులో ఉండదు. కనుక ఆఫరు ఉన్నప్పుడు మనమే లెక్క వేసుకోవాలి. చెల్లించే మొత్తాన్ని చేతికి వచ్చే గ్రాములతో భాగించడమే. ఫోనులో అర నిమిషం పని. 2025 సెప్టెంబరు 22 నుండి చీజ్‌పై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది గనుక, అంతకు ముందటి ధర జ్ఞాపకంతో పోల్చి "ఆఫరులో చౌకగా దొరికింది" అనుకోవడం కూడా పొరపాటే.

లెక్కలో గెలిచినది కూడా చీజ్ కాకపోవచ్చు. పిజ్జా టాపింగ్ వంటి పేర్లతో, పామాయిల్ కలిసిన సరుకు అదే అల్మరాలో చౌకగా దొరుకుతున్నది. పాల కొవ్వు స్థానంలో నూనె కలిపిన దానిని చీజ్ అని పిలవరాదని ఆహార ప్రమాణాల నియమం. అందుకే పేరు మార్చి అమ్ముతారు. ప్యాకెట్టు వెనుక పదార్థాల వరుసలో నూనె పేరు కనబడితే, దానిని చీజ్ ధరతో పోల్చనే కూడదు. అది వేరే వస్తువు.

రెన్నెట్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్‌తో చేసిన చీజ్‌కు మన దేశంలో ఆకుపచ్చ చుక్క వేయరాదు. దిగుమతి చీజ్ సగం ధరకు కనిపించినప్పుడు ముందు చుక్క రంగు చూడండి, తరువాత ధర.

సగం ధర అన్నప్పుడు గడువు తేదీని తప్పక చదవాలి. గడువు దగ్గరపడిన సరుకునే దుకాణదారు త్వరగా వదిలించుకోజూస్తాడు. అందులో మోసమేమీ లేదు, తేదీ ముద్రించే ఉన్నది. వారంలో తినే పెద్ద కుటుంబానికి అది నిజంగా లాభమే. ఇఫ్తారుకు సమోసాలు, రోల్సు చేసే ఇళ్ళలో తురిమిన మోజరెల్లాను ఫ్రీజరులో నిల్వచేసుకోవచ్చు గనుక రమజాన్ ముందు కొంత ఎక్కువ కొన్నా నష్టం లేదు. ఇద్దరే ఉన్న ఇంటికి నాలుగు ప్యాకెట్లు ఏ ధరకూ చౌక కావు.

ఈ సంవత్సరం కూడా ఆ దాత ఫోన్ చేశారు. నిరుటి సంగతి పూర్తిగా చెప్పాము, నవ్వి మళ్ళీ అదే కోరారు. ఈసారి సూపర్ మార్కెట్టుకు బావర్చీని పంపుతున్నాము.