తాళంచెవి ఎవరి అనుమతీ అడగకూడదు

షోరూంలో కొత్త కారుకు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేలోపు సేల్స్ కుర్రాడు యజమాని ఫోన్ అడిగి తీసుకుంటాడు. యాప్ ఎక్కిస్తాడు, ఓటీపీ చెప్పించుకుంటాడు, అది అడిగిన పర్మిషన్లన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోతాడు. ఐదు నిమిషాల్లో కారు ఫోన్‌తో తెరుచుకుంటుంది. ‘ఇక తాళాలు మోసుకు తిరగక్కర్లేదు సార్’ అన్న మాటతో పాఠం అయిపోతుంది. ఫోన్ ఆగిపోతే ఏం చేయాలి, సెల్లార్‌లో సిగ్నల్ అందకపోతే తలుపు వస్తుందా రాదా, రేపు ఫోన్ మారిస్తే తాళం దానంతటదే కొత్త ఫోన్‌లోకి వస్తుందా, కారు అమ్మేశాక పాత ఫోన్‌లో ఉన్న తాళం సంగతేమిటి అన్నవి ఆ ఐదు నిమిషాల్లో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఫోన్ కారు తాళం కావడం మంచి మార్పేనని నేను నమ్ముతాను. కానీ తాళంచెవి అనిపించుకునే వస్తువు తలుపు తీయడానికి మధ్యలో ఇంకొకరి అనుమతి కోసం ఎదురుచూడకూడదు. సర్వర్ బాగుంటేనే, నెట్‌వర్క్ అందితేనే, చందా కడితేనే తెరుచుకునేదాన్ని తాళంచెవి అనడం కొనేవాణ్ని మోసపుచ్చడమే. నెట్ లేకుండా పనిచేసే ఫోన్ తాళం, దానికి తోడు చేతిలో పట్టుకునే అసలు తాళం, రెండూ ప్రతి కారుతోనూ ఇవ్వాలన్నది నిబంధన కావాలి.

చిక్కంతా ఒకే పేరుతో మూడు వేరువేరు వస్తువుల్ని అమ్మడంలో మొదలవుతోంది. మొదటిది యాప్‌లో ఉండే అన్‌లాక్ బటన్. అది నొక్కితే మాట ఫోన్ నుంచి కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కణ్నుంచి కారులోని సిమ్ కార్డుకు చేరాలి. కారు మూడడుగుల దూరంలో ఉన్నా ఆ మాట ఊరంతా తిరిగి రావాలి. ఇది తాళం కాదు, ఫోన్ చేసి తలుపు తీయమని అడగడం. రెండోది బ్లూటూత్. ఫోన్ జేబులో ఉంటే చాలు, కారు దాన్ని గుర్తుపట్టి తలుపు తీస్తుంది. మూడోది ఎన్‌ఎఫ్‌సీ. మెట్రో కార్డు గేటుకు ఆనించినట్టు ఫోన్‌ను తలుపు పిడికి ఆనించాలి, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే అది పలుకుతుంది. ఈ మూడోదాంట్లో తాళం రహస్యం ఫోన్‌లోని ప్రత్యేక భద్రతా చిప్‌లో ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్‌తో పనే లేదు. మన దగ్గర 2024 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త హ్యుందాయ్ అల్కజార్, ఆ తర్వాత నాలుగు నెలలకు వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్ ఈ పద్ధతినే తెచ్చాయి. పిడికి ఆనిస్తే తలుపు వస్తుంది, లోపల వైర్‌లెస్ చార్జింగ్ పలక మీద ఫోన్ పెడితే బండి స్టార్ట్ అవుతుంది. ఈ మూడింటిలో తన కారులో ఉన్నది ఏదో తెలియనివాడికి, పనిచేయని రోజున తప్పు ఎక్కడుందో కూడా తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేసి కారు దగ్గరికి వెళ్లి చూడాలి. తలుపు వస్తే అది తాళం. రాకపోతే అది సర్వర్‌కు పెట్టుకునే అర్జీ.

అర్జీ తిరస్కరణకు గురైతే ఎలా ఉంటుందో 2021 నవంబర్ 19న ప్రపంచం చూసింది. టెస్లా సర్వర్లు మొరాయించి యాప్ కార్లతో మాట్లాడలేకపోయింది. అమెరికా, యూరప్, ఆసియా అనే తేడా లేకుండా యజమానులు తమ సొంత కారు పక్కనే నిలబడి లోపలికి వెళ్లలేకపోయామని గోలపెట్టారు. కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ స్వయంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అయితే ఆ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే సంగతి. 2017లో మోడల్ 3 తెచ్చినప్పుడే టెస్లా ఫోన్‌ను ప్రధాన తాళం చేసింది, కానీ పర్సులో పట్టే కార్డు తాళం కూడా చేతికిచ్చింది. ఆ రోజు కార్డు దగ్గరున్నవాళ్లు దర్జాగా తలుపు తీసుకుని వెళ్లిపోయారు. యాప్ ఉంది కదా అని కార్డును ఇంట్లో బీరువాలో పడేసినవాళ్లు ఇరుక్కున్నారు. రెండో తాళం ఇస్తే చాలదు, అది ఎందుకు దగ్గరుండాలో అమ్మేవాడు నోరు తెరిచి చెప్పాలి.

మన ఊళ్లలో ఫోన్ తాళం మొరాయించే తీరు ఇంత పెద్ద వార్త కాదు, కానీ రోజూ జరిగేది. బ్లూటూత్ తాళం మొదటి వారం బాగానే పనిచేస్తుంది, తర్వాత ఒక రోజు పలుకుతుంది, ఒక రోజు పలకదు. యాప్ పాడైందని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తారు. చాలాసార్లు దొంగ ఫోన్‌లోనే ఉంటాడు. ఎక్కువమంది వాడే ఆండ్రాయిడ్ ఫోన్లలో చార్జింగ్ మిగిల్చే పేరుతో, కొంతసేపు తెరవని యాప్‌ను వ్యవస్థే నిద్రపుచ్చుతుంది. నిద్రపోయిన యాప్ కారు పిలుపు వినదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఆంక్షలు లేవని పెట్టాలి, ఆటోస్టార్ట్‌కు ఒప్పుకోవాలి, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన ‘దగ్గరలోని పరికరాలు’ అనే పర్మిషన్ ఇవ్వాలి. అయినా పలక్కపోతే ఫోన్‌లో కారు పేరును, కారులో ఫోన్ పేరును రెండు వైపులా చెరిపి మళ్లీ జతచేయాలి. ఒక వైపే చెరిపితే పాత జ్ఞాపకం రెండో వైపు మిగిలి ఇద్దరూ ఒకర్నొకరు నమ్మరు. ఎన్‌ఎఫ్‌సీ అయితే అడ్డు మరీ చిన్నది: ఫోన్ కవర్ వెనక అతికించిన ఇనుప రింగు, అదే కవర్‌లో దోపుకున్న మెట్రో కార్డు. పైగా ఐఫోన్‌కు ఆ చిప్ తీగచుట్ట పై అంచున, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు వీపు మధ్యలో ఉంటుంది. ఫోన్‌ను తలకిందులుగా ఆనించి పనిచేయడం లేదనుకునేవాళ్లు తక్కువేం కాదు. ఇందులో ఏదీ ఇంజనీరింగ్ చదివితే తప్ప అర్థంకాని విషయం కాదు, డెలివరీ రోజు పావుగంట కూర్చోబెట్టి చూపిస్తే తీరిపోతుంది. ఆ పావుగంటను మిగుల్చుకోవడానికి కంపెనీలు యజమానిని ఏడాది పొడుగునా కాల్‌సెంటర్ల చుట్టూ తిప్పుతున్నాయి. అది నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఫోన్ తాళాన్ని దొంగలు సులువుగా కొట్టేస్తారన్న భయం ఇంకొకటి. దీనికి సమాధానం తేలిక మాటలతో చెప్పకూడదు, ఎందుకంటే భయానికి ఆధారం ఉంది. 2022 మేలో ఎన్‌సీసీ గ్రూప్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బ్లూటూత్ తాళాన్ని ఏమార్చి చూపించారు. ఒక పరికరం ఇంట్లో ఉన్న ఫోన్‌కు దగ్గరగా, రెండోది బయట కారు దగ్గర ఉంచి, రెండింటి మధ్య సంకేతాన్ని అందిస్తే, ఫోన్ పక్కనే ఉందనుకుని కారు తలుపు తీసేసింది. రహస్య సంకేతాన్ని ఛేదించలేదు, మోసుకెళ్లి అందించారంతే. అయితే మన జేబుల్లో ఉండే మామూలు కీలెస్ రిమోట్లకూ ఇదే జబ్బు ఉంది. జర్మనీలోని ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం ఏళ్ల తరబడి ఈ పరీక్ష చేసి చూపిస్తూనే ఉంది. కాబట్టి పాత రిమోట్‌కు అంటుకుంటే సురక్షితం అనుకోవడం భ్రమ. అసలు మందు అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి. బ్లూటూత్ సంకేతం ఎంత బలంగా ఉందో చూసి దూరాన్ని ఊహిస్తే, ఇది సంకేతం వెళ్లిరావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. కాంతి ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది. మధ్యలో దళారీ పరికరం చేరితే ఆలస్యం పెరుగుతుంది తప్ప తరగదు, కారు ఆ మోసాన్ని పట్టేస్తుంది. ఫోన్ కంపెనీలు, కార్ల కంపెనీలు కలిసి పెట్టుకున్న కార్ కనెక్టివిటీ కన్సార్షియం 2021లో విడుదల చేసిన మూడో ప్రమాణంలో ఈ పద్ధతి చేరింది. భద్రత పేరుతో ఫోన్ తాళాన్ని వద్దనడం కంటే, ఈ పద్ధతి ఉందా అని అడిగి కొనడం తెలివి. లేకపోతే జేబులోంచే పలికే బ్లూటూత్ సౌకర్యాన్ని ఆపేసి ఎన్‌ఎఫ్‌సీనే వాడుకోవాలి.

రిమోట్‌కూ బ్యాటరీ అయిపోతుంది కదా, ఫోన్‌నే ఎందుకు అంటారు అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ రిమోట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పక్కనున్న చిన్న మీట జరిపితే లోపలి నుంచి సన్నటి ఉక్కు తాళం బయటికొస్తుంది. డ్రైవర్ తలుపు పిడి కింద చిన్న ప్లాస్టిక్ మూత వెనక దానికి రంధ్రం ఉంటుంది. లోపలికెళ్లాక బ్యాటరీ లేని రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనిస్తేనో, చెప్పిన గూట్లో పెడితేనో చాలా కార్లలో బండి కదులుతుంది. దాని చిప్‌కు సొంత కరెంటు అక్కర్లేదు, కారే అందిస్తుంది. అంటే రిమోట్ చచ్చినా తాళం చావదు. ఫోన్ విషయంలో ఆపిల్ కొంత ఆలోచించింది. 2020లో బీఎండబ్ల్యూ కార్లతో మొదలుపెట్టినప్పుడే, ఐఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయాక కూడా ఐదు గంటల వరకు ఎన్‌ఎఫ్‌సీ తాళం పనిచేసే ఏర్పాటు చేసింది. అది మెచ్చుకోవాల్సిన పని. కానీ కారు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే పిడిలోని రీడరే చచ్చిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఫోన్ ఆనించినా వినేవాడు లేడు. నెల రోజులు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి శంషాబాద్‌లో దిగి ఇంటికొచ్చిన పెద్దవాళ్ల కారు సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటుంది. ఆ రోజు తలుపు తీసేది ఆ సన్నటి ఉక్కుముక్కే.

ఇక వయసు తేడా. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. ఫోన్ నాలుగేళ్లు వాడితే గొప్ప. అంటే ఒక కారు జీవితంలో నాలుగైదు ఫోన్లు మారతాయి, ప్రతిసారీ పాతదాంట్లో తాళం తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోవాలి. అన్నేళ్లూ కంపెనీ యాప్ బతికుండాలి. ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఏటీ అండ్ టీ తన 3జీ నెట్‌వర్క్ మూసేసినప్పుడు, దాన్నే నమ్ముకున్న చాలా కార్లకు యాప్ సేవలు ఆగిపోయాయి. కార్లు బాగానే ఉన్నాయి, యజమానులు తప్పేమీ చేయలేదు. 2024 జూన్‌లో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ దివాలా తీసినప్పుడు కొన్నవాళ్ల మొదటి దిగుల్లో ఒకటి, ఈ సర్వర్లు ఇక ఎవరు నడుపుతారన్నదే. దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఐబీఎం భద్రతా నిపుణుడు చార్లెస్ హెండర్సన్ తాను ఏళ్ల కిందట ఇచ్చేసిన పాత కారు ఎక్కడుందో తన ఫోన్‌లో ఇంకా కనిపిస్తోందని, తలుపు తీయడానికి కూడా వీలుందని 2017లో బయటపెట్టారు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాడు ఆర్సీ, ఇన్సూరెన్స్ తన పేరు మీదకు మార్చుకుంటాడు. పాత యజమాని ఫోన్‌లో ఉన్న తాళాన్ని రద్దుచేయించుకోవాలని అతనికి చెప్పేవాళ్లేరీ?

ఫోన్ తాళంతో వచ్చే మేలు నిజంగా మన ఇళ్లకు సరిపోయేదే. ఊళ్లో ఉన్న కొడుకుకు ఇక్కణ్నుంచే తాళం పంపొచ్చు, పని అయ్యాక వెనక్కి తీసుకోవచ్చు. తాళం పోతే వేలు పోసి కొత్త రిమోట్ చేయించుకోవాల్సిన పని లేకుండా ఆ ఫోన్‌లోని తాళాన్ని అప్పటికప్పుడు రద్దుచేయొచ్చు. అయితే యాక్టింగ్ డ్రైవర్‌ను పిలిచిన రోజున అతని ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉంటుందన్న నమ్మకం లేదు, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. ఫంక్షన్ హాల్ దగ్గర బండి పార్క్ చేసే కుర్రాడికి ఎవరూ తమ ఫోన్ ఇవ్వరు. కారు చోరీ అయి క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేవాటిలో రెండు ఒరిజినల్ తాళాలూ ఉంటాయి. నలుగురి ఫోన్లకు పంపిన తాళాలకు అక్కడ ఏం లెక్క చూపించాలో యజమానికి ముందే చెప్పే కాగితం ఉండాలి కదా. ఇవన్నీ తీర్చలేని సమస్యలని నేను అనడం లేదు. తీర్చే బాధ్యతను కొనేవాడి నెత్తిన పడేయొద్దంటున్నాను.

నిబంధనలు పెడితే ధర పెరుగుతుందని, కొత్త పరిజ్ఞానం ఆగిపోతుందని కంపెనీలు అంటాయి. ఉక్కు తాళం ఇప్పటికే రిమోట్‌లో ఉంది, తీసేయకుండా ఉంచమనే అడుగుతున్నాం. నెట్ అక్కర్లేని ప్రమాణం ఇప్పటికే రాసి ఉంది, వాళ్లే కూర్చుని రాసుకున్నారు. మిగిలింది కాగితం మీద ఒప్పుకోవడం. డెలివరీ నోట్‌లో స్టెప్నీ, జాకీ, టూల్‌కిట్, రెండు తాళాలు అని వరసగా గళ్లు గీసి టిక్కులు పెట్టించి సంతకం తీసుకుంటారు. కేంద్ర రవాణా శాఖ అక్కడే ఇంకో మూడు గళ్లు గీయించాలి: డేటా ఆపి ఫోన్‌తో తలుపు తీసి చూపించాం, ఉక్కు తాళంతో తీసి చూపించాం, ఫోన్ పోయినా కారు అమ్మినా తాళం ఎలా రద్దుచేయాలో చూపించాం. ఆ మూడింటికీ టిక్ పడేదాకా యజమాని సంతకం పెట్టకూడదు.